రబ్బరు స్టాంపుకు హారతి

దసరా సెలవుకు ముందు పనిదినాన ఏ సర్కారీ ఆఫీసుకైనా వెళ్లి చూడండి. గుమ్మానికి మామిడాకులు, ప్రింటరుకు పసుపు, కీబోర్డు సందుల్లో కుంకుమ. ఆయుధ పూజ! సిపాయికి తుపాకి ఉంది, రైతుకు నాగలి ఉంది. మరి గుమాస్తాకు? రబ్బరు స్టాంపు. దానికి మూడు బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి హారతిస్తారు. న్యాయమే. ఏడాది పొడుగునా జనం మీద ప్రయోగించింది దాన్నే కదా.

ఆఫీసులో ఇదేమిటండీ అంటే జవాబు నాలుక చివరే ఉంటుంది: "ఇది మతం కాదండీ, మన సంస్కృతి." ఒప్పుకుందాం. మరి రంజాన్ నెలలో పక్క సీటు ముస్లిం ఉద్యోగి, ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారమే, గంట ముందు ఇంటికి బయల్దేరితే గొణుగుడెందుకు? అది మాత్రం మతం, పైగా పనికి అడ్డం. పూజ నాడు ఆయన వెనక నిలబడి పులిహోర పొట్లం అందుకోవాలి. వద్దన్నాడా, కలుపుగోలుతనం లేని మనిషి.

పైనా ఇదే తూకం. గడ్డం పెంచుకుంటానన్న వైమానిక దళ ఉద్యోగికి 2016లో సుప్రీంకోర్టు కుదరదంది. క్రమశిక్షణ, ఏకరూపత ముఖ్యమంది. సరే. 2019 విజయదశమికి రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఫ్రాన్స్ వెళ్లి, అదే దళానికి రాబోయే రఫేల్ విమానం మీద ఓం రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఏకరూపతకు దిష్టి తగలకుండా కాబోలు! హైకోర్టు కార్యక్రమంలో భూమిపూజ ఏమిటని అడిగిన పౌరుడికైతే 2011లో గుజరాత్ హైకోర్టు 20 వేల రూపాయల జరిమానా వేసింది. పూజ వద్దన్నవాడే దక్షిణ సమర్పించుకోవాల్సి వచ్చింది.

ఉద్యోగి నుదుటి బొట్టుతోనో, మెడలో శిలువతోనో, తల మీది టోపీతోనో నాకు పేచీ లేదు. రాజ్యాంగం 25వ అధికరణం ఆ స్వేచ్ఛను మనుషులకిచ్చింది, బీరువాలకు కాదు. ఆఫీసే గుడి అయ్యాక కౌంటరు ఇవతలి వాడు అర్జీదారుగా మిగలడు. క్యూ కట్టాలి, చేతులు జోడించాలి, అయ్యవారి దర్శనం దొరికితే మహాభాగ్యం. హుండీ ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఖర్చెవరిదంటే "స్టాఫంతా తలా కొంత వేసుకున్నాం" అంటారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో అయితే అరటి పిలకలు కట్టేదీ, దండలు మోసుకొచ్చేదీ చాలాచోట్ల బయట బల్ల వేసుకు కూర్చునే దస్తావేజు లేఖరే. ఆయన భక్తి ఎవరి ఖాతాలో పడుతుందో, మీ ప్లాటు రిజిస్ట్రేషన్ నాడు ఆయన రాసిచ్చే చీటీలో వెతకండి. చలానా, స్టాంపులు, రాతకూలీల కింద "ఇతరములు" అని ఉంటుంది.