ప్రయోగ తేదీలకు మార్కాపురం పలక

2025 నవంబరు చివరి వారంలో తెలుగు నేల మీద రెండు ప్రకటనలు వెంటవెంటనే వెలువడ్డాయి. మంగళవారం నాడు మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పాటుకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఆమోదం తెలిపారు. గురువారం నాడు హైదరాబాదులో స్కైరూట్ ఏరోస్పేస్ సంస్థ నిర్మించుకున్న ఇన్ఫినిటీ ప్రాంగణాన్ని ప్రధానమంత్రి ఢిల్లీ నుంచే ప్రారంభించి, విక్రమ్-1 రాకెట్టును దేశానికి చూపించారు. ఆ రాకెట్టు కక్ష్యకు చేరేది ఎప్పుడంటే 2026 ఆరంభంలో అన్న జవాబు వచ్చింది. ఈ రెండు ప్రకటనలకూ పొంతన లేదని పరిపాలన తెలిసినవారూ అంతరిక్షం తెలిసినవారూ అనుకోవచ్చు గానీ అది పొరపాటు. కొత్త జిల్లాకు ఒక పరిశ్రమ కావాలి, కొత్త రాకెట్టుకు ఒక తేదీ కావాలి. రెండు అవసరాలనూ ఒక్కసారే తీర్చగల వస్తువు మార్కాపురం చుట్టుపక్కల నేల పొరల్లో కోట్ల ఏళ్లుగా సిద్ధంగా ఉంది. దాని పేరు పలక.

ప్రతిపాదన బోధపడాలంటే ముందుగా కక్ష్య అంటే ఏమిటో తెలియాలి. ఎత్తుకు ఎగిరినంత మాత్రాన ఏ వస్తువూ అంతరిక్షంలో నిలవదు; వాతావరణాన్ని దాటిన తరువాత నేలకు సమాంతరంగా సెకనుకు దాదాపు ఏడున్నర కిలోమీటర్ల వేగం అందుకుంటేనే, అది కిందికి పడుతూ ఉన్నప్పటికీ భూమి వంపు కారణంగా నేలను తాకకుండా చుట్టూ తిరుగుతుంది. ఎడతెగకుండా పడుతూ ఎన్నటికీ నేలను తాకని ఆ మార్గాన్నే కక్ష్య అంటారు. అంత వేగం అందుకోకుండా పైకి వెళ్లి తిరిగి పడిపోయే ప్రయోగాన్ని ఉపకక్ష్యా ప్రయోగం అంటారు. ఇస్రోలో పనిచేసి బయటికి వచ్చిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో స్థాపించిన స్కైరూట్ సంస్థ, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ అనే ఆరు మీటర్ల రాకెట్టును 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పంపి, ఒక భారతీయ ప్రైవేటు సంస్థ రాకెట్టును ఎగరవేయడం అదే మొదటిసారి అన్న కీర్తిని న్యాయంగానే సంపాదించుకుంది. ఆ రాకెట్టు అనుకున్నట్టే ఎగిరి అనుకున్నట్టే బంగాళాఖాతంలో పడింది. ఎందుకంటే అది ఉపకక్ష్యా ప్రయోగం.

విక్రమ్-1 సంగతి వేరు. అందులో నాలుగు అంచెలున్నాయి. కింది మూడూ ఘన ఇంధనంతో, పైది ద్రవ ఇంధనంతో మండుతాయి. మొదటి అంచె అయిన కలాం-1200 మోటారును 2025 ఆగస్టులో శ్రీహరికోటలో నేల మీదనే బిగించి మండించి చూశారు. అయితే ఇలాంటి పరీక్ష మోటారు బాగా మండుతుందని చెబుతుందే తప్ప, మండిపోయిన అంచె సకాలంలో విడిపోతుందని, దాని పైనున్నది గాలి లేని చోట అంటుకుంటుందని పూర్తిగా పూచీ పడలేదు. ఆ సంగతి ఎగిరితేనే తెలుస్తుంది. అందువల్లనే విక్రమ్-ఎస్ ఎగిరిన నాటి మాటల్లో 2023లో ఉన్న కక్ష్య, అక్కడి నుంచి 2024కు, ఆపైన 2025కు, ఆ నవంబరు వారంలో 2026కు జరిగింది. ఈ జబ్బు ఒక్క హైదరాబాదుదే కాదు. 2002లో పుట్టిన స్పేస్‌ఎక్స్ వరుసగా మూడు రాకెట్లను పోగొట్టుకుని 2008 సెప్టెంబరు 28న గానీ ఫాల్కన్-1ను కక్ష్యకు చేర్చలేకపోయింది. 2016లో ప్రకటించినప్పుడు ఆ దశాబ్దం ముగిసేలోగా ఎగురుతుందన్న బ్లూ ఆరిజిన్ వారి న్యూ గ్లెన్, 2025 జనవరి 16న కక్ష్యను చూసింది. ఈ చరిత్రనంతా పరిశీలిస్తే ఒక సూత్రం తేలుతుంది: ఏ ప్రైవేటు సంస్థలోనైనా రాకెట్టు కన్నా ముందు దాని ప్రయోగ తేదీ కక్ష్యకు చేరుతుంది, అది ఎడతెగకుండా దగ్గరపడుతూ ఎన్నటికీ నేలను తాకదు.

ఇటువంటి తేదీని కాగితం మీద రాయడమే ఇంతకాలంగా జరుగుతున్న తప్పు. కాగితానికి జ్ఞాపకం ఎక్కువ; 2023 అని అచ్చు వేసిన పత్రిక 2026లోనూ 2023 అనే అంటుంది. పలకకు ఆ దుర్గుణం లేదు. మార్కాపురం పరిసరాల్లోని గనుల నుంచి వచ్చే ఈ నల్లరాయి పొరలు పొరలుగా ఏర్పడినది కాబట్టి, పనివాడు దిమ్మ అంచున ఉలి ఆనించి సుత్తితో మెల్లగా కొడుతూ పోతే ఒక సన్నని గీత విచ్చుకుని, రాయి రెండు రేకులుగా విడిపోతుంది. ఆ రేకును కొలతకు కోసి, నునుపు తేల్చి, చెక్క చట్రంలో బిగిస్తే తెలుగు పిల్లలు తరతరాలుగా ఓనమాలు దిద్దిన పలక తయారవుతుంది. దాని మీద బలపంతో ఎంత గట్టిగా రాసినా తడిగుడ్డ తగిలితే చాలు, రాసిన సంగతే మిగలదు. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి బడిపిల్లల చేతుల్లోంచి తప్పించిన ఈ రాతి పలకకు, దేశంలోని తేదీలన్నింటినీ మోసే బాధ్యత అప్పగిస్తే కొత్త జిల్లా తొలి ఏడాదిలోనే నిలదొక్కుకుంటుంది.

దీనికి అవసరమైన విధివిధానాలు సులభమైనవే. కక్ష్యా ప్రయోగ తేదీని ప్రకటించే ప్రతి సంస్థా దానిని మార్కాపురం పలక మీద, అడ్డుచట్రం పైకి వచ్చేటట్టు పట్టుకుని, బలపంతో మాత్రమే రాయాలి. సంవత్సరానికి పెద్ద పలక, త్రైమాసికానికి నడితరం పలక, నెలకు చిన్న పలక వాడాలి. రోజును ప్రకటించే సాహసికి రెండు వైపులా నున్నగా తీసిన పలకను ప్రభుత్వమే బహూకరించాలి. త్వరలో అనేవారికి పలక అక్కరలేదు, ఉత్త చట్రం చాలు. తేదీ దాటిన మర్నాడు పలకను తుడిచి, బొగ్గూ కోవాకూ కలిపి రుద్ది నిగనిగలాడించి, కొత్త తేదీకి సిద్ధం చేయడానికి ప్రతి సంస్థా ఒక ఉద్యోగిని నియమించుకోవాలి; అంతరిక్ష రంగం యువతకు ఉపాధి కల్పిస్తుందన్న మాట ఈ విధంగా గడువు లేకుండానే నెరవేరుతుంది. అమెరికా సంస్థల అవసరాలకు ఎగుమతి ఎలాగూ ఉంటుంది; మార్కాపురం రాయికి ఇళ్ల నేలల కోసం, గోడల కోసం సముద్రాలు దాటిన అలవాటు ఇదివరకే ఉంది.

పలకల మీది తేదీలను పరీక్షించి, అవి ఎంతకాలం నిలుస్తాయో చెప్పే నిపుణుల మండలి కూడా ఇక్కడే ఏర్పడాలి. దానికి బెంగళూరు నుంచో కాలిఫోర్నియా నుంచో ఎవరినీ రప్పించనవసరం లేదు. గిద్దలూరు, మార్కాపురం, ఎర్రగొండపాలెం, కనిగిరి ప్రాంతాల్లో ఓటు వయసు దాటిన ప్రతి మనిషీ ఈ శాస్త్రంలో పట్టభద్రుడే. ఈ ఏడాది ఆఖరుకల్లా అన్నప్పుడు ఏ ఏడాది అని, వచ్చే ఖరీఫ్ నాటికి అన్నప్పుడు ఎవరి పొలానికి అని అడగకూడదని వారికి తెలుసు. పనులు తొంభై శాతం పూర్తయ్యాయన్న వార్త వినగానే మిగిలిన పది శాతానికి ఎన్ని ఎన్నికలు పడతాయో వారు వేళ్ల మీద లెక్క కట్టగలరు. విక్రమ్-1 తేదీని ఈ మండలి ముందు పెడితే వారు రాకెట్టు బరువును గానీ, ఇంధనాన్ని గానీ అడగరు. రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనిషి ఒకే ఒక్క ప్రశ్న వేస్తాడు: "అది సరే గానీ సారూ, ఎగిరినాక చప్పట్లు కొడతారా, రిబ్బను కత్తిరించినాక కొడతారా?"

ఆ ప్రశ్న వెనుక ఉన్న పాండిత్యం వెలిగొండ విశ్వవిద్యాలయంలో సంపాదించినది. పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టు అంటే, కృష్ణకు వరద వచ్చిన రోజుల్లో శ్రీశైలం జలాశయం నుంచి కొల్లంవాగు దగ్గర 43.5 టీఎంసీల నీటిని మళ్లించి, నల్లమల కొండల కింద 18.8 కిలోమీటర్ల పొడవున తవ్విన జంట సొరంగాల గుండా ఇవతలికి తెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల నడిమి సందులకు ఆనకట్టలు వేసి కట్టిన నల్లమల సాగర్‌లో నిలబెట్టడం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ నీరు 4.47 లక్షల ఎకరాలను తడపాలి, 15.25 లక్షల మంది గొంతులు తడపాలి. దీనికి శంకుస్థాపన జరిగింది 1996లో. ఆ ఏడు అక్షరాభ్యాసం జరిగిన అయిదేళ్ల బిడ్డకు 2025 నాటికి ముప్పై నాలుగేళ్లు. ఈలోగా స్పేస్‌ఎక్స్ పుట్టి, మూడుసార్లు ఓడి, కక్ష్యకు చేరి, వాడిన రాకెట్టును తిరిగి నేల మీద నిలువునా దించడం కూడా నేర్చుకుంది.

పలకల పథకానికి ఒక్క చిక్కు మాత్రం ఉంది. పలక తుడవడానికి నీళ్లు కావాలి. బడిపిల్లల మాదిరిగా ఉమ్మి తుడుచుకునే వెసులుబాటు మంత్రులకూ సంస్థల అధిపతులకూ ఉండదు. ఈ ప్రాంతంలోని ఇన్ని ఊళ్లలో ఇన్నేళ్ల తేదీలను తుడవడానికి ఎన్ని నీళ్లు కావాలో లెక్క వేస్తే అందుకోసమే ఇంకొక ప్రాజెక్టుకు శంకుస్థాపన చేయవలసి వస్తుంది.

రాకెట్టు కంపెనీని ఇంతసేపు ఆడిపోసుకున్నందుకు దానికి ఒక న్యాయం చేయక తప్పదు. రాకెట్టు అబద్ధం ఆడజాలదు. నిప్పు పెట్టిన కొద్ది నిమిషాలలోనే అది కక్ష్యకు చేరుతుందో సముద్రంలో కలుస్తుందో లోకమంతా కళ్లారా చూస్తుంది. దానిని ఎగరకుండా ప్రారంభించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. తేదీ తప్పిన ప్రతిసారీ ఆ ఇంజనీర్లు మళ్లీ పరీక్షా వేదిక దగ్గరికే వెళ్లారు. వారి గడువు జరిగితే పెట్టుబడి పెట్టినవారి సొమ్ము ఆలస్యమవుతుంది. ఎవరి ఎముకలూ వంగవు. సొరంగానికి ఆ నియమం లేదు. 2024 మార్చి 6న, సార్వత్రిక ఎన్నికలకు రెండు నెలల ముందు, ఆనాటి ముఖ్యమంత్రి వెలిగొండ జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. జాతికి సొరంగాలు వచ్చాయి, నీళ్లు రాలేదు. నీరు నిలవవలసిన చోట మనుషులు ఇంకా కాపురం ఉంటున్నారు కాబట్టి రావడం కుదరదు కూడా. తరువాత వచ్చిన ప్రభుత్వం ఆ ప్రారంభోత్సవం బూటకమని తేల్చి, తన తేదీలు తాను చెప్పడం మొదలుపెట్టింది. శంకుస్థాపన ఒకరిది, ప్రారంభోత్సవం ఒకరిది, ఎండిన కాలువ మాత్రం ఊరివారిది.

సుంకేసుల, గొట్టిపడియ, కలనూతల, గుండంచెర్ల వంటి ముంపు గ్రామాల్లో కారుతున్న ఇంటిని బాగుచేసుకోవాలంటే రేపో మాపో మునిగేదానికి ఖర్చెందుకన్న సందేహం, వదిలి పోదామంటే చేతికి రాని పరిహారం. ఆనకట్టకు ఇవతల, ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు గారపట్టిన పిల్లలు, నడుము నిటారుగా నిలవని ముసలివాళ్లు. బోరు ఎంత లోతు దించినా ఆ విషమే పైకి వస్తుందని తెలిసి, అప్పు చేసి ఇంకొక బోరు వేసే రైతు. అది కూడా ఎండితే గుంటూరుకో హైదరాబాదుకో కూలికి కదిలే కుటుంబం. వీరిని ఇరవై తొమ్మిదేళ్లు నిలబెట్టింది గురుత్వాకర్షణ కాదు, గాలి లేని చోట అంటుకోని ఇంధనమూ కాదు. సొరంగం తవ్వే యంత్రానికి, కాంట్రాక్టరు బిల్లుకు దొరికిన డబ్బు, ఇల్లు ఖాళీ చేయవలసిన మనిషికి వచ్చేసరికి దొరకలేదు. అంతకు మించిన శాస్త్ర రహస్యం ఇందులో ఏమీ లేదు. ఇది సాంకేతిక జాప్యం కాదు, సిగ్గులేనితనం. కొత్త జిల్లాకు కలెక్టరు వస్తారు, బోర్డు మారుతుంది, సభ జరుగుతుంది, ఆ సభలో ఎవరో ఒకరు లేచి వెలిగొండకు మరొక తేదీ చెబుతారు. చెప్పేవారు ఎవరైనా, ఏ పార్టీవారైనా, ముందు సుంకేసులకు వెళ్లి చివరి కుటుంబానికి కూడా పరిహారం చేతిలో పెట్టి రావాలి. అది జరిగేదాకా ఇంకొక తేదీ పలికే అర్హత వారిలో ఎవరికీ లేదు.