కొండ సింహంగారి అభ్యంతరం

కాలిఫోర్నియాలో వుడ్‌సైడ్ అని ఓ చిన్న ఊరుంది. శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన, కొండల అంచున, రెడ్‌వుడ్ చెట్ల మధ్య ఉంటుంది. జనాభా 5 వేల పైచిలుకు. ఒరాకిల్ లారీ ఎల్లిసన్ పాత జపాన్ ఫక్కీలో, చెరువుతో సహా, ఎస్టేటు కట్టుకున్నది అక్కడే. స్టీవ్ జాబ్స్ 1984లో పాత బంగళా కొని, దాన్ని కూల్చే అనుమతి కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి 2011లో పడగొట్టించిందీ అక్కడే. ఆ ఊళ్లో ఇల్లు కట్టడమే కాదు, కూల్చడమూ ఓ యజ్ఞమే.

ఇలాంటి ఊరి మీద 2022 జనవరి 1న పిడుగు పడింది. ఇళ్ల కరువుతో అల్లాడుతున్న రాష్ట్రం ఎస్‌బీ 9 అనే చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. ఒకే ఇల్లుండే స్థలంలో ఇకపై రెండు కట్టుకోవచ్చు. స్థలాన్ని చీల్చుకుంటే నాలుగు దాకా లేపొచ్చు. ఊరూరా కమిటీలు కూర్చుని చట్టంలో కన్నాలు వెతకడం మొదలుపెట్టాయి. వుడ్‌సైడ్‌కు మాత్రం ఏకంగా గుహే దొరికింది.

రక్షిత వన్యప్రాణుల ఆవాసాలకు ఆ చట్టం వర్తించదు. ఆ కొండల్లో ప్యూమాలు, అంటే కొండ సింహాలు, తిరుగుతుంటాయి. నిజానికి అవి అప్పటికి రక్షిత జాబితాలో పూర్తిగా చేరనైనా లేదు. 2020 నుంచి పరిశీలనలో ఉన్నాయి, ప్రభుత్వ భాషలో ‘అభ్యర్థులు’. మన దగ్గర అభ్యర్థి అంటే గెలిచేదాకా గడప గడపకూ వచ్చి దణ్ణం పెట్టేవాడు. అక్కడి అభ్యర్థి ఏ గడపా ఎక్కకుండానే గడపలన్నీ తన ఖాతాలో వేసుకున్నాడు. ఊరు మొత్తం కొండ సింహాల ఆవాసమేననీ, కాబట్టి కొత్త చట్టం కింద దరఖాస్తులు తీసుకోబోమనీ జనవరి నెలాఖరున టౌన్ అధికారులు ప్రకటించారు. ఏదో ఒక వాగో, ఒక లోయో కాదు, మొత్తం. టెన్నిస్ కోర్టులూ, ఈత కొలనులూ అందులో కలిసిపోయినట్టే.

ఆ సింహానికి అభిరుచి కూడా ఉంది. ఉన్న ఇల్లు పడగొట్టి అంతకు రెట్టింపు మేడ కడితే దానికి ఏ ఇబ్బందీ లేదు. అదే స్థలంలో రెండో కుటుంబానికి చోటిస్తే మాత్రం దాని మనుగడే ప్రమాదంలో పడుతుంది. బంగళా పడుతుంది, జంట ఇల్లు పడదు.

ఫిబ్రవరి 6న, ఆదివారమైనా సరే, రాష్ట్ర అటార్నీ జనరల్ రాబ్ బొంటా లేఖ రాశారు. ఇప్పటికే ఇళ్లున్న నేల ఆవాసం కిందికి రాదనీ, ఇది చట్టాన్ని ఎగ్గొట్టే ఎత్తుగడేననీ తేల్చారు. కౌన్సిల్ హడావిడిగా సమావేశమై నిర్ణయం వెనక్కి తీసుకుంది. సింహాల అభిప్రాయం రెండుసార్లూ ఎవరూ అడగలేదు.

పక్కనే ఉన్న ఆథర్టన్‌లో సింహాల అవసరం రాలేదు, ఊరివాళ్లే సరిపోయారు. 7 వేల జనాభా ఉన్న ఆ ఊరు 2023–31 మధ్య 348 కొత్త ఇళ్లకు చోటు చూపాలని రాష్ట్రం కోటా వేసింది. కొన్ని స్థలాల్లో టౌన్‌హౌస్‌లకు, అంటే ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే వరస ఇళ్లకు, వీలు కల్పిద్దామని కౌన్సిల్ అన్నదే తడవు, అభ్యంతరాలు వెల్లువెత్తాయి. వాటిలో ఒకటి పెట్టుబడిదారు మార్క్ ఆండ్రీసెన్ దంపతులది. ఈయన 2020లో ‘ఇట్స్ టైమ్ టు బిల్డ్’ అని వ్యాసం రాసి, అమెరికా కట్టడం మరిచిపోయిందనీ, పెద్ద నగరాల్లో ఇళ్లు లేవనీ వాపోయిన పెద్దమనిషి. రెండేళ్లకు తన ఊరి వంతు వచ్చేసరికి, ఇళ్ల విలువ పడిపోతుందనీ, రద్దీ, రణగొణ పెరుగుతాయనీ, ఈ స్థలాలన్నీ తీసేయండనీ పెద్దక్షరాలతో ఈమెయిల్ కొట్టారు. పాపం, ఆయన కట్టమన్నది దేశాన్ని. వీధిని కాదు.

కౌన్సిల్ టౌన్‌హౌస్‌లను పక్కనపెట్టి పెరళ్ల మీద పడింది. బంగళాల వెనక గెస్ట్ కాటేజీలు వస్తాయి, వాటిలో కొన్ని తక్కువ అద్దెకు దొరుకుతాయి, కోటా నిండుతుంది. ఈత కొలను పక్క గదిలో స్కూలు టీచరమ్మ అద్దెకుంటుందన్నమాట! కాగితం మీద చక్కగా కుదిరిన ఈ లెక్కను రాష్ట్ర గృహ శాఖ నమ్మలేదు. దాంతో కౌన్సిల్‌కు మళ్లీ టౌన్‌హౌస్‌లే దిక్కయ్యాయి.

ఈసారి వంతు బాస్కెట్‌బాల్ వీరుడు స్టెఫెన్ కర్రీ దంపతులది. వాళ్ల ఇంటి వెనకే ఒకటిన్నర ఎకరాల స్థలంలో 16 టౌన్‌హౌస్‌ల ప్రతిపాదన ఉంది. ‘మా పెరట్లో వద్దు’ అనే బాపతులో చేరడానికి సంకోచంగా ఉందంటూనే, పిల్లల భద్రత దృష్ట్యా ఆ స్థలాన్ని జాబితా నుంచి తీసేయమని 2023 జనవరిలో లేఖ రాశారు. కుదరకపోతే కంచె ఎత్తు పెంచి, చెట్లు నాటించమన్నారు. ఎంత ఎత్తు మనిషి అడ్డొచ్చినా పైనుంచి బంతి వేయగల ఆటగాడికి కంచె విలువ బాగా తెలుసు. నెలాఖరున కౌన్సిల్ ఆ స్థలాన్ని జాబితాలో ఉంచే ప్రణాళికను ఆమోదించింది.

ఇంతకీ ఆథర్టన్‌లో టౌన్‌హౌస్ కడితే ఒక్కోటి 40 లక్షల డాలర్లకు తక్కువ పలకదని బిల్డర్లు చెప్పినట్టు అప్పటి మేయరే పత్రికలకు వివరించారు. మన లెక్కలో 30 కోట్ల రూపాయల పైమాటే. ఊరు ఊరంతా భయపడిన బీదా బిక్కీ అవి కొనేవాళ్లే.