రీడింగ్ హాలు వాసి

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో రోజుకు పన్నెండు గంటలు గడుపుతూ, గ్రంథాలయం పుస్తకం ఒక్కటి కూడా ముట్టని విద్యార్థిని రీడింగ్ హాలు వాసి అనాలి. హైదరాబాదు, విశాఖ, తిరుపతి, వరంగల్ అని లేదు, విశ్వవిద్యాలయం ఉన్న ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. రికార్డుల ప్రకారం ఎమ్మే రెండో సంవత్సరమో, పీహెచ్‌డీయో చేస్తుంటాడు. చదివేది మాత్రం గ్రూప్-2కి. ఆ నోటిఫికేషన్ రాని ఏడు డీఎస్సీకి చదువుతాడు, అదీ రాకపోతే ఎస్సై పరీక్షకి. ఏదీ రాకపోతే నోటిఫికేషన్ రాబోతోందన్న వార్తలు చదువుతాడు.

ఇతణ్ని చూసి పుస్తకాల పురుగు అనుకోవడం పొరపాటు. పుస్తకాల పురుగు ఉండేది స్టాక్ రూములో, ఇనప బీరువాల నడుమ, తుమ్ముతూ. పొద్దున్నే పత్రికల విభాగంలో దినపత్రికను నాలుగు ముక్కలుగా పంచుకు చదివే రిటైర్డు పెద్దలు మరో తెగ. సెమిస్టరు పరీక్షలకు వారం ముందు గుంపుగా దిగి, పరీక్షలు కాగానే ఎగిరిపోయే పిల్లలు వలస పక్షులు. స్థిర నివాసి ఇతనొక్కడే.

సీటు పట్టడం ఇతని మొదటి విద్య. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం తెలుగువాళ్లకు ఉగ్గుపాలతో వచ్చినది. రీడింగ్ హాల్లో ఆ కర్చీఫే పెరిగి తువ్వాలయింది, ఆ తరవాత నీళ్ల సీసా, చివరికి తాళం వేసిన బ్యాగు అయింది. ఎక్కడ కూర్చోవాలన్నదానికి పెద్ద లెక్కే ఉంది. సరిగ్గా ఫ్యాను కింద పనికిరాదు, జిరాక్సు కాగితాలు లేచిపోతాయి. ఫ్యానుకు ఓ మూర పక్కగా, ప్లగ్గుకు చెయ్యందేంత దూరంలో, తలుపుకు వీపు పెట్టి ఉండాలి. కిటికీ పక్క సీటు శివరాత్రి దాకా స్వర్గం, ఆ పైన కొలిమి. ఏ ప్లగ్గు పని చేయదో, ఏ ఫ్యాను ఎన్నో నంబరు మీద కిర్రుమంటుందో ఇతనికి కంఠతా వచ్చు. ఎలక్ట్రీషియన్ వస్తే ముందు ఇతణ్ని అడిగే నిచ్చెన వేస్తాడు.

ఒకప్పుడు సొంత పుస్తకాలు గేటు దగ్గరే పెట్టి రమ్మనేవారు. ఇప్పుడు చాలాచోట్ల సొంత పుస్తకాలు తెచ్చుకునేవాళ్లకు విడిగా హాలే ఇచ్చేశారు. అంటే గ్రంథాలయం తన పుస్తకాలు లేని గదిని తనే కట్టించి ఇచ్చింది, ఆ గదే అన్నింటికన్నా కిక్కిరిసి ఉంటుంది. ఇతని బ్యాగులో తెలుగు అకాడమీ పుస్తకాలు, స్పైరల్ బైండింగు చేసిన సీనియర్ల నోట్సు, బిట్ బ్యాంకులు, కరెంట్ అఫైర్స్ మాసపత్రికలు, నాలుగు రంగుల హైలైటర్లు ఉంటాయి. హైలైటర్ ప్రయోగం పూర్తయిన పేజీలో రంగు పడకుండా మిగిలిన ఒకటి రెండు వాక్యాలే ముందుగా కంటికి ఆనుతాయి.

దినచర్య ఎనిమిదింటికి గేటు రిజిస్టరులో సంతకంతో మొదలవుతుంది. పదింటికి టీ, పన్నెండున్నరకు మెస్సు. మెస్సు సాంబారు ప్రభావం రెండింటి నుంచి మూడున్నర దాకా హాలంతటా కనిపిస్తుంది. ఆ వేళ ఆర్థిక సర్వే మీద ఆనించిన తలలు వరసగా లెక్కపెట్టుకోవచ్చు. నాలుగింటికి మళ్లీ టీ. దీన్ని కాలక్షేపం అని కొట్టిపారేయడం న్యాయం కాదు. 73వ సవరణ పంచాయతీలకా, పట్టణాలకా అన్న అనుమానం టీ కొట్టు బల్ల మీద తీరినంత శాశ్వతంగా తరగతి గదిలో తీరదు. సీనియర్ జూనియర్‌కు చదువు చెప్పే ఈ పద్ధతికి నిధులు అక్కర్లేదు, కన్వీనర్ అక్కర్లేదు, టీ డబ్బులు చాలు. ఆడపిల్లల్లోనూ ఈ జాతి ఉంది. హాస్టల్ గేటు మూసే వేళ ఒకటి నెత్తిన ఉంటుంది కాబట్టి వాళ్లు టీకి తక్కువ లేస్తారు, సిలబస్ ముందు పూర్తి చేస్తారు.

గ్రంథాలయ శాస్త్రం మీద ఇతనికి గౌరవం లేదనడానికి వీల్లేదు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచ సూత్రాలు అయిదూ వరస తప్పకుండా చెబుతాడు. పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే అన్నది అందులో మొదటిది. ఏ పరీక్షలో ఎన్ని మార్కులకు వచ్చిందో కూడా చెబుతాడు. మెల్విల్ డ్యూయీ దశాంశ వర్గీకరణ 1876 నాటిదని తెలుసు. పుస్తకం వీపు మీద 894.827 అని కనబడితే అది తెలుగు సాహిత్యమని మాత్రం తెలియదు, ఆప్షన్లలో ఎప్పుడూ రాలేదు. ఏ మూడేళ్లకోసారో పుస్తకం అవసరం పడితే కౌంటరు దగ్గరికి వెళ్లి రంగును బట్టి అడుగుతాడు.

"అన్నా, ఎర్రట్ట ఎకనామిక్స్ పుస్తకం ఉంటది చూడు, లావుది..."

"బైండింగు కాకముందు ఎర్రదా తమ్ముడూ, అయినాక ఎర్రదా?"

ఈ ప్రశ్నకు జవాబు లేదు. బైండింగు అయ్యాక అన్నీ ఎర్రవే. కేటలాగు కంప్యూటరు ఆ పక్కనే ఉంటుంది, రచయిత పేరు కొడితే బీరువా నంబరు చెబుతుంది. ఇతను దాన్ని హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకోవడానికి వాడతాడు.

ఈ-వనరుల సంగతీ అంతే. దేశవ్యాప్తంగా జర్నళ్లను ఒకే చందా కింద తెచ్చే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదం ఇచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, సుమారు 13,000 జర్నళ్లు. ఈ అంకెలు ఇతని నోట్సులో పచ్చ రంగు కింద భద్రంగా ఉన్నాయి. ఆ జర్నళ్లను కూర్చున్న కుర్చీలోంచే క్యాంపస్ వైఫై మీద తెరవవచ్చని చేరిన వారంలో జరిగిన ఓరియంటేషన్‌లో చెప్పారు. ఆ కార్యక్రమం నుంచి ఇతనికి గుర్తున్నది సమోసా.

పీహెచ్‌డీ చేసే ఉపజాతిని విడిగా చెప్పుకోవాలి. ఇతను గ్రంథాలయ కార్యాలయంలో తొలిసారి అడుగుపెట్టేది థీసిస్ ఇచ్చే ముందు, ప్లేజరిజం సర్టిఫికెట్ కోసం. థీసిస్ శోధ్‌గంగలోకి ఎక్కుతుంది, దేశమంతా చూస్తుంది, అందుకని ముందు సాఫ్ట్‌వేర్ గుండా పోవాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే ఆరు నెలలకు మించని గడువులో సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. "ముప్పై ఎనిమిది వచ్చిందయ్యా" అని లైబ్రేరియన్ దిగులుగా చెబితే ఇతని మొహం వికసిస్తుంది.

"పాసే కదా సార్!"

పదో తరగతి నుంచీ ముప్పై అయిదు దాటితే చాలని పెరిగినవాడిని తప్పు పట్టి లాభం లేదు.

తక్కిన సహాయాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వెనకబడిన సబ్జెక్టులకు రెమెడియల్ తరగతులు ఉంటాయి, నెట్ పరీక్షకు ఉచిత కోచింగు ఉంటుంది, నోటీసు బోర్డు మీద వాటి కాగితం రెండేళ్ల కిందటి మెస్సు బకాయిల జాబితా వెనక ఉంటుంది. మనసు బాగోకపోతే మాట్లాడేందుకు ఒక గది, దాని మీద 'కౌన్సెలింగ్ సెంటర్' అన్న బోర్డు ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో కౌన్సెలింగ్ అంటే ర్యాంకు కార్డు పట్టుకెళ్లి సీటు తెచ్చుకోవడం. తనకు ఆల్రెడీ సీటు ఉంది కదా అని ఇతను ముందుకు సాగిపోతాడు.

నిజానికి గ్రంథాలయం ఇతనికి చేసే అన్నిటికన్నా పెద్ద సాయం ఏ బ్రోషర్‌లోనూ అచ్చు కాలేదు. సాయంత్రం ఏడింటికి ఊరి నుంచి ఫోను వస్తుంది. "ఎక్కడున్నావురా?" అంటాడు తండ్రి. "లైబ్రరీలో ఉన్నా నాన్నా" అంటాడు గొంతు తగ్గించి. అబద్ధం కాదు. తండ్రి ఇంకేమీ అడగడు, "సరే, చదువుకో" అని పెట్టేస్తాడు. ఇరవై తొమ్మిదేళ్ల కొడుక్కి ఉద్యోగం లేని ఇంట్లో ఆ ఒక్క జవాబు ఒక సంవత్సరం కాపు కాస్తుంది.

ఆఖరి ఘట్టం నో డ్యూస్. మెస్సు, హాస్టలు, డిపార్ట్‌మెంటు, ఆటల విభాగం, అందరి సంతకాలకూ కాళ్లరిగేలా తిరిగినవాడు గ్రంథాలయంలో మాత్రం రెండు నిమిషాల్లో బయట పడతాడు. గుమాస్తా కంప్యూటరులో చూసి, అనుమానమొచ్చి మరోసారి చూసి, తీసుకున్న పుస్తకాలు సున్నా, కట్టవలసిన ఫైను సున్నా అని తేల్చి, కార్డు వెనక్కి తీసుకుని ముద్ర వేస్తాడు. అంత మచ్చలేని ఖాతా ఆయన సర్వీసులో అరుదు.

కొందరికి ఉద్యోగం వస్తుంది. వచ్చినవాడు స్వీటు డబ్బాతో తిరిగొచ్చి హాలంతా పంచి, తన కుర్చీని జూనియర్‌కు అప్పగించి పోతాడు. ఏడాది తిరక్కుండా ఇంక్రిమెంటు కోసమో, ప్రొబేషన్ కోసమో డిపార్ట్‌మెంటల్ టెస్టు రాయవలసి వస్తుంది. దానికి కావలసిన పుస్తకం బజారులో దొరకదు, గ్రంథాలయంలో ఉందని అటెండరే ఫోనులో చెబుతాడు. ఇతను జీవితంలో మొదటిసారి స్టాక్ రూము మెట్లెక్కి, దుమ్ము దులిపి, పుస్తకం తీసుకుని కౌంటరుకు వస్తాడు. గుమాస్తా కార్డు అడుగుతాడు. కార్డు నో డ్యూస్ నాడే ఇచ్చేశాడు.