తేటగా మెరిసే గోమేధికాన్ని పక్కన పెట్టండి

రంగురాళ్ళ దుకాణంలో మీ ముందు నాలుగు గోమేధికాలు పెడితే, మచ్చలేనిదాన్ని వదిలేసి లోపల కలగాపులగంగా ఉన్నదాన్ని అందుకోండి. పెద్దలు చెప్పేదానికి ఇది పూర్తిగా ఎదురే. అయినా నేను గట్టిగా ఇదే చెబుతాను.

గోమేధికం గార్నెట్ జాతి రాయి. అందులోనూ కాల్షియం, అల్యూమినియం ఉండే గ్రాస్యులర్ రకం. శ్రీలంక రాయిని పదిరెట్లు పెంచి చూపే భూతద్దం కింద పెడితే, బెల్లప్పాకం కలియబెట్టినట్టు లోపల సుళ్ళు తిరిగి ఉంటాయి. వ్యాపారి వాటిని లోపమంటాడు. నాకు అవే మొదటి సాక్ష్యం. గాజులోనూ సుళ్ళు ఉండొచ్చు. వాటి పక్కన గుండ్రటి గాలిబుడగ కనిపించిందంటే మాత్రం బేరం అక్కడితో ఆపేయండి.

రంగు చూసి ఏమీ తేల్చకండి. తేనెరంగు సిట్రిన్‌కీ ఉంది, జిర్కాన్‌కీ ఉంది, గాజుకైతే ఏ రంగైనా వేయొచ్చు. రాత్రంతా ఆవు మూత్రంలో నానబెట్టి రంగు మారుతుందేమో చూడమనే సలహా ఊరూరా ఉంది. దానితో రాయి జాతి తెలియదు. గాజు మీద గీసి చూడటమూ వద్దు. గోమేధికం కాఠిన్యం 7 పైచిలుకు, సిట్రిన్‌ది 7. రెండూ గాజును గీస్తాయి. మీకు మిగిలేది అరిగిన అంచే.

తేల్చేది తూకం. గ్రాములో నూరోవంతు చూపే చిన్న కాటా వెంట తీసుకెళ్ళండి, దుకాణదారు విసుక్కున్నా సరే. ముందు రాయిని మామూలుగా తూచండి. తర్వాత కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేసి, సన్న దారానికి కట్టిన రాయిని అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచండి. రాయికి బుడగలు అంటుకోకూడదు. మొదటి తూకాన్ని ఇప్పుడు కనిపించే అంకెతో భాగించండి. రాయి 1.46 గ్రాములుండి, ముంచినప్పుడు 0.40 చూపిస్తే 3.65 వస్తుంది. గోమేధికం సాంద్రత అదే. సిట్రిన్‌కు 2.65 దగ్గర వస్తుంది, మామూలు గాజుకు 2.5 చుట్టూ. బరువైన గాజు కొన్నిసార్లు 3.65ను అందుకుంటుంది. అందుకే భూతద్దాన్ని వదలొద్దన్నది.

తేనెరంగు జిర్కాన్ 4.6 దాటుతుంది. పైనుంచి ఏటవాలుగా చూస్తే దాని వెనక పలకల అంచులు రెండేసిగా కనిపిస్తాయి. గార్నెట్‌లో ఎటు తిప్పినా ఒక్కటే.

ఉంగరంలో పొదిగాక ఈ తూకం కుదరదు. రాయిని కంసాలి చేతికి ఇచ్చేముందే చూసుకోండి.