అడంగల్‌కెక్కని కొండ

రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషిని తీర్థయాత్రకు తీసుకెళ్తే ఆయన దేవుణ్ణి తర్వాత చూస్తాడు, ముందు హద్దులు చూస్తాడు. ఇటలీలో టస్కనీ కొండల మీద, 1,100 మీటర్ల పైచిలుకు ఎత్తులో, బీచ్ చెట్ల అడవి మధ్య ఉన్న లా వెర్నా మఠంలో అడుగుపెట్టగానే మా మావయ్యగారు అడిగిన మొదటి ప్రశ్న: "బాబూ, ఇదంతా ఎవరి పేరు మీదుంది?"

చెప్పాను. 1213లో ఓర్లాండో అనే కౌంటు, అంటే మన జమీందారు లాంటివాడు, ఓ విందులో సెయింట్ ఫ్రాన్సిస్ బోధ విని కరిగిపోయి ఈ కొండ ఇచ్చేశాడు. చిల్లిగవ్వ కూడా సొంతం చేసుకోనని ఒట్టుపెట్టుకున్న సన్యాసికి ఏకంగా కొండ! ఫ్రాన్సిస్ ముందుగా ఇద్దరు శిష్యుల్ని పంపి చోటు చూసి రమ్మన్నాడనీ, అడవి మృగాల భయం ఉందని కౌంటు వాళ్లకు తోడుగా యాభైమంది సాయుధుల్ని ఇచ్చాడనీ కథ.

"ఫీల్డు ఇన్‌స్పెక్షన్ జరిగిందన్నమాట," అని మావయ్యగారు తృప్తిపడ్డారు. "మరి కాగితం?"

కాగితం 1274లో. కౌంటు కొడుకులు రాసిచ్చారు. అప్పటిదాకా 61 ఏళ్లు నోటిమాట మీదే నడిచింది.

ఆయన పక్కనున్న రాతిగట్టు మీద చతికిలబడ్డారు. "తండ్రి నోటిమాటకి కొడుకులు సంతకం పెట్టారా!" 1224లో ఫ్రాన్సిస్ ఒంటి మీద క్రీస్తు గాయాలు వెలిశాయంటారే, ఆ చోటు చూపించినప్పుడు కూడా ఆయన ఇంత ఆశ్చర్యపోలేదు.

ఆంద్రియా దెల్లా రొబ్బియా చేసిన నీలం, తెలుపు మట్టి శిల్పాల దగ్గర అత్తయ్యగారు ఆగిపోయారు. అయిదు వందల ఏళ్లయినా రంగు వెలవలేదు. ఈ కొండ మీద ఉన్నప్పుడు ఫ్రాన్సిస్‌ని రాత్రి ప్రార్థనకు ఒక డేగ లేపేదట; ఒంట్లో బాగాలేనప్పుడు మాత్రం కాస్త ఆలస్యంగా లేపేదట. మా ఇంట్లో ఆ ఉద్యోగం మావయ్యగారిది. మినహాయింపుల్లేవు.

మధ్యాహ్నం మూడింటికి సన్యాసులు గాయాలు వెలిసిన చోట కట్టిన చాపెల్‌కి ఊరేగింపుగా బయల్దేరారు. ఒకసారి మంచుతుఫానుకి జడిసి వీళ్లు ఊరేగింపు మానేస్తే, తెల్లారేసరికి ఆ దారి పొడవునా అడవి జంతువుల అడుగులు కనిపించాయట. వీళ్ల బదులు అవే వెళ్లొచ్చాయన్నమాట.

మావయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు. "పట్టాదారు సంగతెలా ఉన్నా, అనుభవదారు కాలమ్‌లో వాటి పేర్లే ఎక్కించాలి."