నా రెక్కల్లోని బరువు

నేను బోయింగ్ 777-300ఈఆర్ రకం విమానాన్ని. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవరెట్‌లో నన్ను కూర్చారు. రెక్కలకు రెండు జీఈ90 ఇంజిన్లు, రెక్కల్లోనూ వాటి నడుమా లక్షా ఎనభై వేల లీటర్ల ఇంధనం పట్టే ట్యాంకులు. గల్ఫ్‌లో మజిలీ చేసి అమెరికా తెలుగువాళ్లను శంషాబాద్‌కు చేర్చడం నా బతుకు. నన్ను ఎక్కేవాళ్లలో పర్యావరణం మీద నిజమైన పట్టింపు ఉన్నవాళ్లు ఎందరో. ఇంటి కప్పు మీద సోలార్ పలకలు పెట్టించుకున్నవాళ్లు, కూరగాయల తొక్కలతో ఎరువు చేసుకునేవాళ్లు, స్టీలు సీసా లేనిదే గడప దాటనివాళ్లు. వాళ్లంటే నాకు గౌరవం. అందుకే నా సంగతి నేనే చెబుతాను. సొంతూరికి రావడం మానుకోమని అనను. రాకల సంఖ్య తగ్గించుకుని, వచ్చినప్పుడు ఉండే రోజులు పెంచుకోమంటాను. వాళ్ల చేతిలో ఉన్న నిర్ణయాల్లో ఇంత ఫలితం ఇచ్చేవి తక్కువ.

డాలస్ నుంచి దుబాయ్ సుమారు 12,900 కిలోమీటర్లు. ఆ పదిహేను గంటల్లో వంద టన్నుల పైచిలుకు ఇంధనం కాలుస్తాను. కిలో ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది కాబట్టి కాలినదానికంటే వెలువడిందే ఎక్కువ బరువు తూగుతుంది. 350 మంది కూర్చుంటే మనిషికి దాదాపు టన్ను. హైదరాబాద్ దాకా మిగిలిన దూరమూ, తిరుగు ప్రయాణమూ కలిపితే రెండు టన్నులు దాటుతుంది. భారతదేశంలో సగటు మనిషి వాటాకు ఏడాది మొత్తానికి వచ్చేదీ ఇంచుమించు అంతే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కలో అక్కడి సగటు కారు ఏడాదికి 4.6 టన్నులు వదులుతుంది. అంటే నలుగురున్న కుటుంబం ఒక్కసారి వచ్చి వెళ్లడం ఆ కారును దాదాపు రెండేళ్లు నడపడంతో సమానం. బిజినెస్ క్లాసులో వచ్చేవారు ఇద్దరు ముగ్గురికి సరిపడే చోటు తీసుకుంటారు కనుక వారి వాటా ఆ మేరకు పెరుగుతుంది. ఇక చల్లటి పైగాలిలో నా వెనక ఏర్పడే మంచు చారలు భూమి వేడిని పట్టి ఉంచుతాయి. రాత్రిపూట తిప్పికొట్టడానికి ఎండ ఉండదు కాబట్టి వాటివల్ల మిగిలేది వేడే. ఆవకాయ, కందిపొడి, సున్నుండల మీద మాత్రం నింద వేయొద్దు. నా ఒళ్లే 160 టన్నులకు పైన ఉంటుంది. దాన్నీ, దూరానికి కావలసిన ఇంధనాన్నీ మోయడానికి అయ్యే ఖర్చు ముందు 23 కిలోల పెట్టెలు రెండు చాలా చిన్న విషయం. ఏం తెచ్చుకున్నారన్నది కాదు, ఎన్నిసార్లు తిరిగారన్నదే లెక్క.

మేం ఎక్కకపోయినా విమానం ఎగురుతుంది కదా అని కొందరంటారు. ఆ రోజుకు అది నిజమే, ఒక సీటు ఖాళీగా ఉందని నేను ఆగను. కానీ ఏ దారిలో ఎన్ని విమానాలు నడపాలో సంస్థలు అమ్ముడైన టికెట్లను చూసే నిర్ణయిస్తాయి. 2020లో ప్రపంచ విమాన ప్రయాణం మూడింట రెండు వంతులు పడిపోయినప్పుడు నావంటివి వేలకొద్దీ నేల మీద నిలిచిపోయాయి. ప్రయాణికులు తిరిగి వచ్చాకే మళ్లీ లేచాం. శుభ్రమైన ఇంధనం వస్తోంది కదా అన్నది ఇంకో మాట. వాడేసిన వంటనూనెతో చేసిన ఇంధనం కలిపినా నా ఇంజిన్లు నడుస్తాయి, అది రావాలనే నా కోరిక కూడా. అయితే 2024లో ప్రపంచ విమానాలు వాడిన మొత్తంలో అది ఒక శాతం కూడా లేదు. చెట్లు నాటించడానికి డబ్బు కడితే సరిపోతుందనేవారూ ఉన్నారు. కట్టండి, మంచిదే. కాకపోతే నేను పదిహేను గంటల్లో వదిలినదాన్ని ఆ మొక్కలు పీల్చుకోవడానికి దశాబ్దాలు కావాలి, అన్నాళ్లూ అవి నరికివేతకూ కార్చిచ్చుకూ దొరక్కుండా బతకాలి.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం అమ్మానాన్నలది. వయసు మీదపడుతున్నవాళ్లకు ఫోను తెర మీద కనిపించే కొడుకు చాలడు. ఆసుపత్రి నుంచి కబురొస్తే టన్నులు లెక్కపెట్టకూడదు, దొరికిన మొదటి విమానం ఎక్కాలి. నేను అడిగేది మామూలు రాకల గురించి. ఏటా రెండు వారాల చొప్పున నాలుగేళ్లు వస్తే దక్కేది ఎనిమిది వారాలు. రెండేళ్లకోసారి ఐదు వారాలు ఉంటే పది వారాలు, కాలే ఇంధనం మాత్రం సగం. పైగా డాలస్‌కూ హైదరాబాద్‌కూ పదిన్నర, పదకొండున్నర గంటల తేడా. వచ్చిన ప్రతిసారీ మొదటి నాలుగైదు రోజులు నిద్ర కుదుర్చుకోవడానికే పోతాయి. రెండేళ్ల ఎడం భరించలేనిదైతే, మధ్య ఏడాది పెద్దవాళ్లే వెళ్లవచ్చు. సందర్శక వీసా మీద వెళ్లినవారికి సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. అదే రెండు టన్నులకు మనవలతో రెండు వారాలకు బదులు నెలలు దొరుకుతాయి. ఆ దూరం కూర్చోలేని మోకాళ్లవాళ్ల దగ్గరికి పిల్లలే రావాలి, అందులో వాదన లేదు. సెలవు దొరకదన్నది నిజమైన ఇబ్బంది. ఏడాదికి రెండు మూడు వారాలిచ్చే ఉద్యోగంలో ఐదు వారాలు కూడగట్టడం మనిషి ఒక్కడివల్ల అయ్యేది కాదు. మిగిలిన సెలవును మరుసటి ఏటికి కలపనివ్వాలనీ, కొన్ని వారాలు అమ్మానాన్నల ఇంటి నుంచే పనిచేయనివ్వాలనీ యాజమాన్యాలను గట్టిగా అడగాలి. పర్యావరణం గురించి ప్రతిజ్ఞలు ప్రకటించే సంస్థలకు ఇది తేలిగ్గా ఇవ్వగలిగిన సాయం.

శంషాబాద్‌లో దిగాక మరో చిన్న విమానం ఎక్కే అలవాటునూ మార్చుకోవచ్చు. ఏ విమానానికైనా నేల విడిచి పైకెక్కడంలోనే ఇంధనం విపరీతంగా కాలుతుంది, అందుకే దూరం తగ్గేకొద్దీ కిలోమీటరుకు పడే ఖర్చు పెరుగుతుంది. విశాఖ వెళ్లేవారికి సాయంత్రం హైదరాబాద్‌లో బయల్దేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది, కరెంటు మీద నడిచే దారి. ఐదు వారాలు ఉండేందుకు వచ్చినవారికి ఆ ఒక్క రాత్రి పెద్ద ఆలస్యమేమీ కాదు.