‘ప్లగిను దొరకలేదు’ పద్యానికి పాలమూరు వ్యాఖ్య

మూలం:

పుటను సరిగమపలు పుట్టెడు కనిపించె
నాద మొకటి లేదు నరుని చెవికి
ప్లగిను దొరకలేదు పలుమారు తెర చెప్పె
పాలమూరివాడ! పట్టు తప్పు!

అవతారిక: కర్త పాలమూరు పట్టణంలో పెళ్లి ఊరేగింపులకూ గుడి ఉత్సవాలకూ కీబోర్డు వాయించే ఒక పిల్లవాడు. పేరు చెప్పుకోలేదు గనుక మనమూ అడగం. కాలం, నడిరాత్రి. సందర్భం: కిన్నెర మీద విన్న ఒక వరుసను హైదరాబాదులో స్నేహితుడి లాప్‌టాప్‌లో స్వరాలు రాసే ప్రోగ్రాం మ్యూస్‌స్కోర్ తెరిచి రాసుకున్నాడు. దానికి బయటి కంపెనీ వాళ్ల తంత్రీవాద్యం ప్లగిన్ తగిలించి వింటే చక్కగా మోగింది. ఆ ఫైలునే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికొచ్చి తన లాప్‌టాప్‌లో తెరిచాడు. ప్లే నొక్కాడు. తర్వాత జరిగింది పద్యంలో ఉంది. ఛందస్సు ఆటవెలది. ఆ వేళప్పుడు సీసం రాసే ఓపిక ఎవరికుంటుంది?

ప్రతిపదార్థం: పుటను = కాగితంలా కనబడే తెర మీద; సరిగమపలు = స్వరాలు (‘దని’ గణాల్లో ఇమడక బయటే నిలబడిపోయాయి); పుట్టెడు = లెక్కకు మించి, గింజల కొలతను స్వరాలకు వాడడం మెట్టపొలాల సీమలో పుట్టినవాడికే తోచే సాహసం; కనిపించె = కనబడ్డాయి, అంతవరకే; నాదము ఒకటి లేదు = ఒక్క మోతా లేదు; నరుని చెవికి = మనిషి చెవికి; ప్లగిను = సొంతంగా నిలబడలేక ఇంకో ప్రోగ్రాం ఇంట్లో ఇల్లరికం ఉండే వాద్యం; దొరకలేదు = దీని సంగతి తర్వాత; పలుమారు = నొక్కిన ప్రతిసారీ; తెర చెప్పె = తెర మీద అదే మాట వచ్చింది; పాలమూరివాడ = ఓ పాలమూరివాడా; పట్టు తప్పు = తప్పును పట్టుకో. ‘పట్టుతప్పు’ అని కలిపి చదివే పాఠం కూడా ఉంది. రాత్రి ఒంటిగంట దాటాక అదే సరైన పాఠం.

తాత్పర్యం: రాసిన స్వరాలు కనబడుతున్నాయి, వినబడడం లేదు.

విశేషాలు: ‘నరుని చెవికి’ వట్టి పాదపూరణం, నాదం చెవికి గాక కంటికి వినబడుతుందా అని కొందరు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ నిలవదు. ప్లే నొక్కినప్పుడు మిక్సరులో ఆకుపచ్చ గీత పైకీ కిందికీ ఆడుతుంటే వాద్యం లోపల మోగుతూనే ఉందన్నమాట. మోత మాత్రం నరుని చెవికి గాక మరో దారి పట్టింది. హెచ్‌డీఎంఐ తీగ తగిలించిన టీవీలోకో, పక్కగదిలో చార్జింగుకు పెట్టిన బ్లూటూత్ స్పీకరులోకో పోయి ఉంటుంది. ఏసియో అనే శబ్దపు డ్రైవర్లు కొన్ని ఒకేసారి ఒక్క ప్రోగ్రాంకే శబ్దమిస్తాయి. ముందు తెరిచిన ప్రోగ్రాం దాన్ని పట్టుకుని కూర్చుంటే రెండోదానికి దక్కేది మౌనమే. గీత అసలు కదలకపోతే రోగం ప్లగినుకూ ప్రోగ్రాముకూ మధ్య ఉంది. చికిత్సలో సగం తేల్చే ఈ భేదాన్ని కవి ‘నరుని చెవికి’ అన్న రెండు మాటల్లో ఇరికించాడు. దాన్ని పాదపూరణం అన్నవాళ్లు ఎప్పుడూ మిక్సరు తెరిచి చూసి ఉండరు.

ఇక ‘దొరకలేదు’. ఇక్కడ కొంచెం నిలవాలి. ఒకే మాటలో మూడు అర్థాలు పలికించడం ఈ సీమకు కొత్త కాదు. జటప్రోలు ప్రభువుల ఆదరం పొందిన ఎలకూచి బాలసరస్వతి తన ‘రాఘవ యాదవ పాండవీయం’లో రాముడి కథ, కృష్ణుడి కథ, పాండవుల కథ ఒకే పద్యాల్లో నడిపించాడు. ‘ప్లగిను దొరకలేదు’ కూడా త్ర్యర్థి కావ్యమే. రాసింది మాత్రం జర్మనీలోనో అమెరికాలోనో ఉన్న ఇంజినీరు.

మొదటి అర్థం, ఫైలు ఉండవలసిన చోట లేదు. విండోస్‌లో వీఎస్‌టీ3 జాతి ప్లగిన్ వాద్యాలకు కామన్ ఫైల్స్ కింద వీఎస్‌టీ3 అనే ఫోల్డరు కేటాయించి ఉంది. దాన్ని వదిలేసి డౌన్‌లోడ్స్‌లోనో డెస్క్‌టాప్ మీదో పడేస్తే ప్రోగ్రాం ఇల్లిల్లూ తిరిగి వెతకదు.

రెండో అర్థం, ఫైలు ఉంది గానీ జాతి వేరు. స్టైన్‌బర్గ్ కంపెనీ వీఎస్‌టీని 1996లో తెచ్చింది. మూడో తరం 2008లో వచ్చింది. రెండో తరం ప్లగిన్లు తయారుచేసే సామగ్రిని 2018లో ఆ కంపెనీయే పంచడం ఆపేసింది. పాతవాటికి ఫైలు పేరు చివర డీఎల్‌ఎల్ తోక ఉంటుంది, కొత్తవాటికి వీఎస్‌టీ3 తోక. 2022 డిసెంబరులో వచ్చిన మ్యూస్‌స్కోర్ 4 కొత్తవాటినే పలకరిస్తుంది. పాతది ఎదురుగా నిలబడ్డా దాని కంటికి ఆనదు. దీనికి తోడు బిట్ల భేదం ఒకటి: 64 బిట్ల ప్రోగ్రాం 32 బిట్ల ప్లగినును నేరుగా లోపలికి రానివ్వదు.

మూడో అర్థం కొంటెది. ఫైలు ఉంది, జాతీ సరిపోయింది, కానీ ఒకసారి పరీక్షిస్తుండగా అది కుప్పకూలింది. అప్పుడు ప్రోగ్రాం దాని పేరు ఒక జాబితాలో రాసుకుని, ఇక దాని మొహం చూడనని ఒట్టు పెట్టుకుంది. తర్వాత ప్లగిను బాగుపడినా ఒట్టు అలాగే ఉంటుంది. జాబితా చెరిపించి మళ్లీ స్కాన్ చేయించాలి.

క్రాక్ ప్లగిన్ల మాట కూడా ఇక్కడే. పండితులు వాటిని ప్రక్షిప్తాలంటారు. మూలంలో లేని పద్యాలను ఎవడో చొప్పించినట్టు వాటిలో ఏ మాట ఎవడు కలిపాడో తెలియదు గనుక, వాటికి వ్యాఖ్య రాయడం మా పద్ధతి కాదు.

పూర్వపక్షం: పట్టణంలోని ఒక సర్వీసు సెంటరు వారి మతం. “అన్నా, ఫార్మాట్ కొడ్తె ఖతం. దీనికింత సోచాయించుడు ఎందుకు?”

ఈ మతానికి అనుచరులు చాలా మంది. ఖండన: ఫార్మాట్ కొడితే రోగమూ పోతుంది, రోగీ పోతాడు. పెద్ద తంత్రీవాద్యం సాంపిళ్లు పదుల జీబీలుంటాయి. మొబైల్ హాట్‌స్పాట్ మీద వాటిని మళ్లీ దించుకునేలోపు ముహూర్తం దాటిపోతుంది. పైగా రెండో అర్థమే అసలు కారణమైతే, ఫార్మాట్ కొట్టాక అదే డీఎల్‌ఎల్‌ను తెచ్చి అక్కడే పెడతారు, తెర మళ్లీ అదే మాట చెబుతుంది.

సిద్ధాంతం: మెదక్ సీమ కొలిచెలమ నుంచి వచ్చిన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ప్లగిన్ల వైద్యానికీ అదే చాలు. ఆ ఆధారం వెతికే దారి తార్కికుల అన్వయవ్యతిరేకం: కారణం ఉంటే ఫలం ఉంది, లేకుంటే లేదు. కొత్త స్కోరు తెరిచి, ఒకే వాద్యం పెట్టి, నాలుగు స్వరాలు రాయాలి. ప్రోగ్రాముతో వచ్చిన సొంత వాద్యం మోగితే ప్రోగ్రాముదీ స్పీకరుదీ తప్పు కాదు. తర్వాత ప్లగినును విడిగా, దాని సొంత కిటికీలో తెరిచి వాయించాలి. అక్కడ మోగి ఇక్కడ మోగకపోతే గొడవ ఇద్దరి మధ్యే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడు మార్చి మోగించినవాడికి ఏది మోగించిందో తెలియదు. మళ్లీ ఆగితే ఏం చేయాలో అసలే తెలియదు.

మౌనం వీడాక వచ్చే గొడవలను కవి చెప్పలేదు. వ్యాఖ్యాత చెప్పక తప్పదు. వాద్యాలు మాట్లాడుకునే మిడి భాషలో స్వరాన్ని వంచే సంకేతం 0 నుంచి 16383 దాకా ఒక అంకె మాత్రమే. ఆ అంకెకు ఎంత ఎత్తు అనేది ప్లగిన్ ఇష్టం. పంపినవాడు రెండు సెమీటోన్లనుకుని, అందుకున్నవాడు పన్నెండనుకుంటే, రి నుంచి గకు మెల్లగా పోవలసిన జారు పై స్థాయి రి మీదికి దూకుతుంది. ఇంకో చిక్కు పేర్లది. 60 నంబరు స్వరాన్ని యమహా సీ3 అంటే రోలాండ్ సీ4 అంటుంది. వాయించే తీరు మార్చడానికి కంపెనీ పుస్తకంలో ‘మీటు కావాలంటే సీ0 నొక్కు’ అని ఉంటే, మనం నొక్కిన సీ0 వాళ్ల సీ0 కాకపోవచ్చు. మీటు మారకపోగా అడుగున ఒక బొంగురు స్వరం మోగుతుంది. 1991లో కుదిరిన జనరల్ మిడి 128 వాద్యాల జాబితాలో సితార్ 105, బాంజో 106, షెహనాయి 112. కిన్నెరకు చోటు లేదు. దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది గానీ, నంబరు రాలేదు. అందుకే మన పిల్లవాడు బయటి వాద్యం కోసం తిరగవలసి వచ్చింది.

నిర్ణయం: ప్లగిను లేదంటే మొదట కవి ఒప్పుకోలేదు. “నా కాడ ఉన్నది గద అన్నా, నిన్ననే వేరే ప్రోగ్రాంల వాడిన” అన్నాడు. నిజమే, ఉంది. పేరూ అదే. తోక మాత్రం డీఎల్‌ఎల్, 32 బిట్లది. స్నేహితుడి లాప్‌టాప్‌లో ఉన్నది వీఎస్‌టీ3. ఈ పద్యంలో ‘దొరకలేదు’కు రెండో అర్థమే చెప్పుకోవాలి. కంపెనీ సైటు నుంచి కొత్తది దించి, ఫోల్డరులో పెట్టి, మళ్లీ స్కాన్ చేయించాక వరుస మోగింది. వంపును పన్నెండు నుంచి రెండుకు దించాక జారు కూడా జారులా మోగింది. ఫైలు పట్టుకుని ఊరు మారే వాద్యకారులకు ఒక మనవి: ప్లగిన్ పేరుతో పాటు దాని తోకా బిట్లూ ఒక చీటీ మీద రాసుకోండి, పాటను వేవ్ ఫైలుగా కూడా తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.